డాక్యుమెంటరీ ఎంచుకునే ముందు, లైట్లు వెలిగాక ఎవరు మాట్లాడాలో తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: ఎంవీపీ కాలనీలో మీ అపార్ట్‌మెంట్ల సంఘం, పక్కనే ఉన్న పెద జాలరిపేట కుర్రాళ్ల సంఘం కలిసి నెలకోసారి పర్యావరణం మీద డాక్యుమెంటరీలు వేద్దామనుకుంటున్నారు. ఏ సినిమాలు వేయాలి, ఎక్కడ వేయాలి, అనుమతులు ఏం కావాలి, జనం కూర్చుంటారా, మొదటిది జూన్ 5న పెట్టుకోవచ్చా అని అడిగారు. విశాఖలో కాలనీల్లో, బడుల్లో, పేటల్లో చాలా ఏళ్లుగా ఈ ప్రదర్శనలు నడుపుతున్నాను. అందుకే కాస్త వివరంగానే రాస్తాను.

మీ ప్రశ్నలన్నీ సినిమా చుట్టూ ఉన్నాయి. నన్నడిగితే సినిమా రెండో సంగతి. సినిమా అయిపోయి లైట్లు వెలిగాక మొదట నోరు విప్పేది ఎవరు? ముందు ఆ మనిషిని వెతకండి. ఆ మనిషి దొరికాక, ఆయన మాటకు దారి తీసే సినిమా వెతకండి. ఈ వరస తిరగబడితే ఎంత గొప్ప సినిమా వేసినా జనం చూసి, బాగుందని చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోతారు. రెండో నెల సగం మంది వస్తారు. మూడో నెల నిర్వాహకులే మిగులుతారు.

ఆ మొదటి మనిషి ఆ వీధి మనిషే అయి ఉండాలి. అధికారులు, ప్రొఫెసర్లు, డాక్టర్లు తప్పకుండా ఉండాలి, కానీ రెండో వరసలో. మొదటి మాట వాళ్లది అయితే మిగతా గంటంతా ప్రసంగం అయిపోతుంది, వీధి వాళ్లు శ్రోతలుగా మిగిలిపోతారు. అదే చేపలమ్మే ఆవిడో, చెత్త బండి తోలే అతనో మొదట మాట్లాడితే పక్కవాళ్లు వెంటనే అందుకుంటారు. వాళ్లకు రెండు రోజుల ముందే చెప్పి ఉంచండి, వీలైతే సినిమా ముందుగా చూపించండి. ఏం మాట్లాడాలో మాత్రం రాసివ్వకండి.

మీ పేట సంగతే తీసుకుందాం. సముద్రం ఒడ్డు కాబట్టి తాబేళ్ల సినిమా వేద్దామని ఎవరికైనా మొదట తోస్తుంది. మంచి ఆలోచనే. డిసెంబరు, జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద, అటూ ఇటూ. అటవీ శాఖ వాళ్లు తెల్లవారుజామున ఆ గుడ్లు సేకరించి, కంచె వేసిన హేచరీలో మళ్లీ ఇసుకలో పాతిపెట్టి, సుమారు 45 నుంచి 60 రోజుల తర్వాత బయటికొచ్చిన పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ఇసుక వేడి పెరిగితే పుట్టే పిల్లల్లో ఆడవి ఎక్కువవుతాయి. వాతావరణ మార్పు అనే పెద్ద మాటను మన ఒడ్డు ఇసుకలోనే చూపించడానికి ఇంతకన్నా మంచి విషయం లేదు.

కానీ అదే సీజన్‌లో చచ్చిన తాబేళ్లు కూడా ఒడ్డుకు కొట్టుకొస్తాయి. సినిమాలో ఆ దృశ్యం రాగానే, వలల్లో చిక్కి ఊపిరాడక చనిపోయాయని వెనక గొంతు చెబుతుంది. నిజమే. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి, పైకి రానివ్వకుండా వల పట్టేస్తే చచ్చిపోతుంది. అయితే ఆ మాట మీ అపార్ట్‌మెంట్ వాళ్లకు ఒకలా, జాలరిపేట వాళ్లకు ఇంకోలా వినబడుతుంది. ఒకసారి ఇలాంటి ప్రదర్శనలోనే వెనక వరస నుంచి ఒక పెద్దాయన లేచి, "మా వల సూసి మాటాడండి బాబూ" అన్నాడు. లేచి వెళ్లి ఇంట్లోంచి వల తెచ్చి తెర ముందు పరిచాడు. వల కన్ను ఎంతుందో వేళ్లు పెట్టి చూపించాడు. ఫైబర్ తెప్ప మీద ఇద్దరు ముగ్గురు వెళ్లి వేసే వల ఇది, గంటల తరబడి సముద్రం అడుగున ఈడ్చుకుపోయే ట్రాలు వల వేరు అని విడమరిచి చెప్పాడు. చిన్న వలల్లోనూ తాబేళ్లు చిక్కుతాయి, ఆ మాట కూడా ఆయనే ఒప్పుకున్నాడు. చిక్కితే వల కోసి వదలాల్సి వస్తుందనీ, ఆ వల డబ్బు ఎవరిస్తారనీ అడిగాడు. ఆ రాత్రి సినిమాలో లేని సంగతులు ఆ పావుగంటలో బయటికొచ్చాయి. కాలనీ వాళ్లు వలలో ఇన్ని రకాలుంటాయని తెలుసుకున్నది కూడా అప్పుడే.

ఆ పెద్దాయన లాంటి మనిషి మీ పేటలోనూ ఉంటాడు. ఆయన్ని ముందే కలిసి, "సినిమా అయ్యాక మీరే మొదలుపెట్టాలి" అని అడగండి. ఇంకొకరిని ట్రాలర్ బోట్ల వైపు నుంచి పిలవండి. ట్రాలు వలలో బిగించే టెడ్ అనే చట్రం ఒకటుంది. వల గొంతు దగ్గర కడ్డీల చట్రాన్ని వాలుగా పెడతారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి వెళ్లి సంచిలో పడతాయి, తాబేలు కడ్డీలకు తగిలి, వలకు పైనో కిందో ఉండే తెరుచుకునే దారిలోంచి బయటపడుతుంది. దాంతో పాటు కొంత చేపా పోతుందని బోట్ల వాళ్ల బాధ. మరోవైపు, ఈ చట్రం వాడటం లేదనే కారణంతోనే అమెరికా మన దగ్గర సముద్రంలో పట్టిన రొయ్యల్ని కొనడం మానేసింది. ఇంత చిక్కుముడి ఉన్న విషయాన్ని ఒక సినిమా పరిష్కరించదు. ఆ మనుషుల్ని ఒక చోట కూర్చోబెట్టగలిగితే చాలు.

ఇంకో జాగ్రత్త. 2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపును చుట్టుముట్టి పట్టే పెద్ద వలల) విషయంలో మన జాలరి పేటల మధ్యే గొడవ జరిగి, పడవలు తగలబెట్టుకునే దాకా వెళ్లింది. ఏ పేట వాళ్లను పిలుస్తున్నాం, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు అన్నది మీ కుర్రాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. పేట పెద్దలతో ముందు మాట్లాడండి. వాళ్లు వద్దన్న సినిమా ఆ నెల వేయకండి.

మొదటి ప్రదర్శనకు మీరు నన్ను ఒక్క సినిమా చెప్పమంటే మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' చెబుతాను. 2000 నాటిది, గుజరాత్ తీరంలో వేల్ షార్క్‌ల వేట మీద తీశారు. కాలేయం నూనె కోసం, ఎగుమతి చేసే మాంసం కోసం అంత పెద్ద చేపను గాలాలతో పొడిచి ఒడ్డుకు లాగే దృశ్యాలు అందులో ఉన్నాయి. చిన్నపిల్లలుంటే ముందే చెప్పండి. ఆ సినిమా వచ్చిన మరుసటి ఏడాదే, 2001లో, వేల్ షార్క్‌ను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. ఆ రక్షణ దొరికిన తొలి చేప అదే. ఒక డాక్యుమెంటరీ చట్టాన్ని కదిలించిందంటే మన దేశంలో మొదట చెప్పుకోవలసిన ఉదాహరణ ఇది.

అయితే నేను దీన్ని సిఫారసు చేస్తున్నది చట్టం కోసం కాదు. ఆ తర్వాత గుజరాత్‌లో జరిగిన దాని కోసం. చట్టం వచ్చినంత మాత్రాన వలలో పడ్డ చేప బతకదు కదా. 2004 నుంచి వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వాళ్లు అక్కడి మత్స్యకారులతో కలిసి పనిచేశారు. రామకథ చెప్పే మొరారి బాపు ఆ చేపను పుట్టింటికి వచ్చిన ఆడపడుచుగా చూడమని జనానికి చెప్పారు. దానికి 'వ్హాలీ' అని, అంటే ముద్దుల బిడ్డ అని, పేరు పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, వల కోసి చేపను వదిలేసిన జాలరికి ఆ వల ఖరీదు ప్రభుత్వం ఇచ్చే ఏర్పాటు జరిగింది. చంపిన వాళ్లే రక్షించే వాళ్లయ్యారు. నేను పైన చెప్పిన పెద్దాయన ప్రశ్నకు జవాబు ఈ కథలో ఉంది: వల డబ్బు ఎవరిస్తారు అంటే, ఇచ్చిన రాష్ట్రం ఒకటుంది. సినిమా అయ్యాక ఈ మిగతా కథను ఎవరో ఒకరు తెలుగులో ఐదు నిమిషాలు చెప్పాలి. అదీ కాక ఇది మనకు దూరపు చేప కాదు. 2021 డిసెంబరులో తంతడి దగ్గర బతికున్న వేల్ షార్క్ ఒడ్డుకు చిక్కితే అటవీ శాఖ వాళ్లు, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి నీళ్లలోకి తోశారు. ఆ రోజు అక్కడున్న వాళ్లెవరైనా మీ పేటలో చుట్టరికం ఉన్నవాళ్లయితే వాళ్లే మీ మొదటి వక్త.

ఇక భాష. సగం ప్రదర్శనలు ఇక్కడే చచ్చిపోతాయి. మంచి పర్యావరణ డాక్యుమెంటరీల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగు సబ్‌టైటిళ్లు అరుదు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లున్నాయి కదా అని వదిలేయకండి. చదవడం రాని అమ్మలు, నాన్నమ్మలు పది నిమిషాల్లో లేచిపోతారు, వాళ్లతో పాటు పిల్లలూ పోతారు. నేను చేసేది ఇదీ: సినిమా రెండు మూడుసార్లు చూసి, మాటలన్నీ కాకుండా అవసరమైనంత మటుకే తెలుగులో రాసుకుంటాం. ప్రదర్శన రోజు సినిమా సౌండ్ తగ్గించి, ఒకరు తెర పక్కన మైకు దగ్గర కూర్చుని ఆ తెలుగు చెబుతారు. పక్షి కూత, అల చప్పుడు, మనుషుల ఏడుపు ఉన్నచోట చెప్పే మనిషి నోరు మూసుకుని ఉండాలి. మన శ్రీకాకుళం, విశాఖ యాసలో చెప్పే మనిషి దొరికితే అదృష్టం. టీవీ వార్తల తెలుగు వద్దు. కాలేజీ పిల్లల్లో ఈ పని సరదాగా చేసేవాళ్లు తప్పక దొరుకుతారు. సబ్‌టైటిల్ ఫైలు తయారుచేయగలిగితే అదీ చేయండి. దర్శకుడికి పంపితే ఆయనే సంతోషిస్తాడు, ఆ ఫైలు ఇంకో ఊరికి పనికొస్తుంది.

నిడివి నలభై నిమిషాలు దాటకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అందుకే కాలనీల్లో బాగా ఆడుతుంది. దాదాపు నలభై నిమిషాలు, ముదుమలైలో ఏనుగు పిల్లల్ని పెంచే బొమ్మన్, బెల్లి దంపతుల కథ, 2023లో ఆస్కార్ వచ్చిందని అందరూ విన్నదే. పిల్లలు కదలకుండా చూస్తారు. దాని తర్వాత కంబాలకొండ గురించి మాట్లాడండి. ఊరి మధ్యలో దాదాపు డెబ్భై చదరపు కిలోమీటర్ల అడవి పెట్టుకుని, దాన్ని ఆదివారం పిక్నిక్ స్పాట్‌గా తప్ప చూడని వాళ్లం మనం. షౌనక్ సేన్ తీసిన 'ఆల్ దట్ బ్రీత్స్' ఢిల్లీలో గాయపడ్డ గద్దల్ని బాగుచేసే అన్నదమ్ముల సినిమా. నాకు ప్రాణం. కానీ గంటన్నర, నెమ్మదిగా నడుస్తుంది, యూనివర్సిటీ పిల్లలకు వేయండి, వీధిలో వద్దు. పెద్ద సినిమా వేయాలని ఉంటే ముక్కలుగా వేయండి. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ వాళ్లు ఊళ్లలో రైతుల వీడియోలు చూపించే పద్ధతి గమనించండి. ఎనిమిది పది నిమిషాల వీడియో, అదీ ఆ చుట్టుపక్కల రైతే చేసి చూపించేది. మధ్యలో ఆపి "ఇప్పుడేం చేశాడు, ఎందుకు చేశాడు" అని అడుగుతారు. మనకూ ఆ పద్ధతి చక్కగా పనికొస్తుంది.

తెలుగులోనే తీసినవి కావాలంటే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ వైపు చూడండి. అక్కడి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో చదువు పెద్దగా లేని దళిత రైతు మహిళలు కెమెరా పట్టి, కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పేరుతో చిరుధాన్యాల మీద, విత్తనాల మీద, వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టాల మీద సినిమాలు తీశారు. వాళ్లు మాట్లాడేది వాళ్ల తెలుగు. అవి చూశాక మీ జాలరిపేట అమ్మాయిలు ఫోను తీసి మేమూ తీస్తాం అంటారు. అననివ్వండి, తీయనివ్వండి. వచ్చే నెల ప్రదర్శనకు ముందు ఆ మూడు నిమిషాల వీడియో వేయండి. జనాన్ని రప్పించడానికి అంతకు మించిన పోస్టరు లేదు.

తేదీ సంగతి. జూన్ 5 ప్రపంచ పర్యావరణ దినోత్సవం కాబట్టి అందరూ ఆ రోజే పెడతారు. బడి పిల్లలకు పెడితే మాత్రం అది పనికిరాదు, మన రాష్ట్రంలో బడులు మామూలుగా జూన్ రెండో వారంలో గానీ తెరవరు. మీకు మాత్రం ఆ తేదీ బాగా కుదురుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మిగతా రోజుల్లో తెల్లవారుజామున మూడింటికి, నాలుగింటికి సముద్రంలోకి వెళ్లే మనిషి రాత్రి ఎనిమిదిన్నరకు సినిమాకు కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు? నిషేధం రోజుల్లో మర బోట్లు ఆగిపోతాయి, మగవాళ్లు చాలామంది ఇళ్ల దగ్గరే ఉంటారు, చేపలు లేక డబ్బుకు ఇబ్బందిగానూ ఉంటారు, సముద్రం గురించి మాట్లాడే తీరికా కోపమూ రెండూ ఉంటాయి. కాబట్టి మొదటిది అప్పుడే పెట్టండి. జూన్‌లో మనకు పొద్దు గుంకేది ఆరున్నర ప్రాంతంలో, చీకటి పూర్తిగా పడేసరికి ఏడు దాటుతుంది. ఆడవాళ్లు వంట ముగించుకుని వచ్చేలా ఏడున్నరకు మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా చర్చతో సహా ముగించండి. జూలై నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్లు, ఆరుబయట నమ్మకం లేదు, హాల్లోకి వెళ్లండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం లాంటి చోట్ల హాలు అడగవచ్చు. డిసెంబరు, జనవరిలో ఐదున్నరకే పొద్దు గుంకుతుంది, చల్లగా ఉంటుంది, ఆరుబయట వేయడానికి అంతకన్నా మంచి కాలం లేదు.

ఎక్కడ అన్నదానికి నా మొదటి మాట: బీచ్ ఇసుక మీద వద్దు. ఫొటోలకు బాగుంటుందని చాలామంది అదే అడుగుతారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట ఒడ్డున వెలుతురు, సందడి ఉంటే గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేలు వెనక్కి పోతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎక్కడ ఎక్కువుంటే అటు నడుస్తాయి. సముద్రం వైపు పోవాల్సినవి రోడ్డు వైపు వస్తాయి. తాబేళ్ల సినిమా పేరు చెప్పి ఆ పని చేయకూడదు. దానికి తోడు సముద్రపు గాలికి తెర నిలవదు, ఉప్పు తేమ ప్రొజెక్టరుకు మంచిది కాదు. పేటలో రామాలయం ముందు ఖాళీ స్థలమో, కమ్యూనిటీ హాలో, చర్చి ఆవరణో చూడండి. మీ అపార్ట్‌మెంట్ సెల్లారులో మాత్రం పెట్టకండి. వాచ్‌మన్ దాటి లోపలికి రావడానికే పేట వాళ్లు మొహమాటపడతారు. మీరే పేటలోకి వెళ్లండి. అక్కడ కూడా కాలనీ వాళ్లకు కుర్చీలు, పేట వాళ్లకు నేల అయిపోకుండా చూసుకోవాలి. అందరికీ పట్టాలు పరచండి, పెద్దవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు కుర్చీలు వేయండి.

సామాను గురించి ఎక్కువ టెన్షన్ పడనక్కర్లేదు. ఏదీ కొనకండి, అద్దెకు తీసుకోండి. ప్రొజెక్టరు వెలుగు మూడు వేల ల్యూమెన్లకు తగ్గకుండా ఉంటే చాలు. మామూలు ప్రొజెక్టరుతో ఎనిమిది అడుగుల వెడల్పు బొమ్మ రావాలంటే అది పన్నెండు నుంచి పదహారు అడుగుల దూరంలో ఉండాలి, ఆ చోటు ముందే కొలుచుకోండి. దగ్గర్లో వీధి దీపం ఉంటే ఆ రెండు గంటలు ఆర్పించమని ముందే అడగండి, లేకపోతే బొమ్మ వెలిసిపోతుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే సర్దుకోరు. డబ్బు ఖర్చు పెడితే సౌండ్ మీద పెట్టండి. షామియానా సప్లయర్స్ దగ్గర దొరికే పెళ్లి బాక్సులు పాటలకు బాగుంటాయి గానీ మాట స్పష్టంగా రాదు. రెండు చిన్న స్పీకర్లు తెరకు రెండు పక్కలా, మనిషి చెవి ఎత్తులో పెట్టండి. సినిమా పెన్‌డ్రైవులో ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఒకటి, రెండు కాపీలు ఉంచుకోండి. అక్కడికక్కడ నెట్ మీద ఆధారపడితే బఫరింగ్ చూసుకుంటూ కూర్చోవాలి.

అనుమతుల విషయంలో చాలామంది తప్పుగా అనుకునేది ఒకటుంది. యూట్యూబ్‌లో ఉచితంగా ఉంది కాబట్టి బయట తెర మీద వేసుకోవచ్చు అనుకుంటారు. కాదు. యూట్యూబ్ నియమాల ప్రకారం అది సొంతంగా చూసుకోవడానికే, బహిరంగ ప్రదర్శనకు కాదు. తీసినవాళ్లను అడగాలి. మన దేశంలో డాక్యుమెంటరీ తీసేవాళ్లు చాలావరకు అందుబాటులోనే ఉంటారు. ఒక మెయిల్ రాసి, ఎవరికి చూపిస్తున్నాం, టికెట్ లేదు, రికార్డు చేయం, చర్చలో వచ్చిన మాటలు మీకు పంపిస్తాం అని చెబితే ఉచితంగానో కొద్దిపాటి రుసుముతోనో ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. నెట్‌ఫ్లిక్స్ కొన్ని సొంత డాక్యుమెంటరీలకు మాత్రం విద్యాపరమైన ప్రదర్శనకు ఒకసారి వేసుకునే అనుమతి ఇస్తుంది. ఆ సినిమా వివరాల పేజీలో ఆ మాట రాసి ఉండాలి, టికెట్ గానీ చందా గానీ వసూలు చేయకూడదు. అన్ని సినిమాలకూ వర్తించదు, ఒక్కొక్కటీ చూసుకోవాలి. బడిలో వేస్తే పని తేలిక. కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థ తన కార్యక్రమాల్లో భాగంగా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవాళ్ల వరకు సినిమా చూపించుకోవచ్చు. వీధి ప్రదర్శనకు ఆ మినహాయింపు లేదు. బహిరంగ ప్రదర్శనకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సారు సర్టిఫికెట్ కూడా ఉండాలి, కాబట్టి అడిగేటప్పుడే దర్శకుణ్ణి అది ఉందా అని అడగండి. మైకుకు పోలీసుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. రాత్రి పది తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ ఎలాగూ కుదరదు.

వేదిక వద్దు. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, శాలువాలు, ఒకరి తర్వాత ఒకరు రెండు మాటలు అంటూ ఇరవై నిమిషాలు. మన ఊళ్లో ఎన్ని మంచి సభలు ఇలా పాడైపోయాయో మీకూ తెలుసు. కార్పొరేటరు గారొస్తే గౌరవంగా పిలిచి ముందు వరసలో జనం మధ్య కూర్చోబెట్టండి, చర్చలో అడిగినప్పుడు మాట్లాడతారు. ఫ్లెక్సీ కూడా వేయించకండి. గోడకు గుడ్డ బ్యానరు, వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్, సాయంత్రం పిల్లలు వీధి తిరిగి కేకేస్తే సరిపోతుంది. నీళ్ల సీసాల బదులు క్యాను, స్టీలు గ్లాసులు. తినడానికి ఉడకబెట్టిన వేరుశనగకాయలు చాలు.

మీరు ముందు ముందు వేరే వీధులకూ వెళ్తారు కాబట్టి రెండు మాటలు చెబుతాను. విశాఖలోనే పాతపట్నం, జ్ఞానాపురం వైపు గాలి కాలుష్యం మీద సినిమా వేసేటప్పుడు మేం ఒక పని చేస్తాం. ముందు రోజు సాయంత్రం పది పదిహేను ఇళ్ల వాళ్లను డాబా మీద ఒక తెల్ల పింగాణీ పళ్లెం పెట్టి ఉంచమంటాం. మర్నాడు ఆ పళ్లేలతోనే రమ్మంటాం. తెర ముందు బల్ల మీద వరసగా పెట్టి, కింద ఏ వీధో కాగితం మీద రాస్తాం. వేలితో ఒక గీత గీస్తే నల్లటి పొడిలో తెల్లగా కనబడుతుంది. కొన్ని వీధుల పళ్లేలు దాదాపు శుభ్రంగా ఉంటాయి, కొన్ని బూడిద రంగులోకి తిరిగిపోతాయి. ఏ వైపు గాలి వీచింది, ఏ రోడ్డున లారీలు తిరిగాయి అని జనమే లెక్క కడతారు. అప్పుడు పిలిచిన డాక్టరు ఒకే ఒక్క విషయం చెప్పాలి: పళ్లెంలో కనబడేది పెద్ద ధూళి, ఊపిరితిత్తుల లోతుకు పోయేది ఇంతకన్నా సన్నం, అది కంటికి కనబడదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడు గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ పేరు ఉందన్న సంగతి ఆ పళ్లేల ముందు చెబితే జనం వినే తీరే వేరు.

రెండోది ఆర్ఆర్ వెంకటాపురం లాంటి చోట్లు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై 12 మంది చనిపోయిన ఊరు. అక్కడికి పరిశ్రమల ప్రమాదాల మీద సినిమా పట్టుకెళ్లి అవగాహన కల్పిస్తామంటే అది వాళ్లను అవమానించడమే. వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. వాళ్లు పిలిస్తే వెళ్లండి, వాళ్లు కోరిన సినిమా వేయండి, లేదా సినిమా లేకుండా వెళ్లి వినండి.

చివరగా చర్చ తర్వాత సంగతి. చర్చలో ఎవరో ఒకరు తప్పకుండా ఒక సమస్య లేవనెత్తుతారు. ఒడ్డున చెత్త అనో, మురుగు నేరుగా సముద్రంలోకి పోతోందనో, తెగిన వలలు ఎక్కడ వేయాలో తెలియడం లేదనో. పది సమస్యలొస్తే పదీ ఎత్తుకోకండి. చేతులెత్తించి ఒక్కటి తీసుకోండి. అక్కడే కాగితం మీద రాసి, ఫోను నంబర్లతో సంతకాలు పెట్టించండి. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు, మున్సిపాలిటీ పని అయితే జీవీఎంసీకి, కలెక్టరు స్థాయిదైతే కలెక్టరేట్‌కు, కాలనీ నుంచి ఇద్దరు, పేట నుంచి ఇద్దరు కలిసి వెళ్లి ఇచ్చి, రశీదు నంబరు తీసుకోండి. వచ్చే నెల సినిమా వేసే ముందు మొదటి ఐదు నిమిషాలు దానికే ఇవ్వండి: అర్జీ ఏమైంది, ఎవరు ఏమన్నారు, ఇంకా ఏం చేయాలి. పని కాకపోతే కాలేదనే చెప్పండి. ఆ ఐదు నిమిషాలు మొదటి ప్రదర్శనలో మాట్లాడిన మనిషి చేతే చెప్పించండి. మైకు అందుకోవడం ఆయనకు ఈసరికి అలవాటై ఉంటుంది.

మీ తేదీ ఖరారయ్యాక, ఏ సినిమా అనుకున్నారో చెబితే తెలుగు వ్యాఖ్యానం రాసుకోవడంలో సాయం చేస్తాను.